ఇంట్లో తాగే నీళ్లు: కొళాయివా, ఫిల్టర్‌వా, క్యాన్‌వా? ఇలా తేల్చుకోండి

కొత్త ఇంట్లోకి మారగానే చాలామంది చేసే మొదటి పని ఆర్వో మిషన్ (నీళ్లలో కరిగిన లవణాలను సన్నటి పొరతో ఆపేసే ఫిల్టర్) ఆర్డర్ పెట్టడం, లేదంటే వీధి చివర వాటర్ ప్లాంటుకు ఫోన్ చేసి రోజూ ఒక క్యాన్ వేయమని చెప్పడం. ఈ రెండూ తప్పని అనను, కొన్ని ఊళ్లలో అవే సరైనవి కూడా. కానీ ఇంటికి వచ్చే నీళ్లు ఎక్కడివో, వాటిలో ఏముందో చూడకుండా డబ్బు పెట్టేస్తే ఏమవుతుందంటే, అవసరం లేనిచోట లీటరు నీళ్ల కోసం మూడు లీటర్లు మోరీలోకి వదులుతుంటాం, నిజంగా అవసరమున్న చోట మాత్రం పిల్లల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు వచ్చేదాకా పట్టించుకోం. కింద చెప్పిన వరుసలో చేసుకుంటూ పోండి, ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో మీకే తెలుస్తుంది.

ముందు, ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనుక్కోండి

అన్నింటికన్నా ముఖ్యమైన పని ఇదే, పైసా ఖర్చు లేనిది కూడా ఇదే. మీ కొళాయిలో వచ్చేవి నది నీళ్లా, బోరు నీళ్లా, లేక రెండూ కలిసినవా?

హైదరాబాద్‌లో అయితే జలమండలి ఇచ్చే నీళ్లు మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి నుంచి శుద్ధి అయి వస్తాయి. వాటికి తోడు పాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు కూడా ఉన్నాయి. విజయవాడలో కృష్ణా, రాజమండ్రిలో గోదావరి. విశాఖలో రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్లు, ఏలేరు కాలువ. తెలంగాణ పల్లెల్లో 2016లో మొదలైన మిషన్ భగీరథ పైపుల్లో వచ్చేవి కూడా శుద్ధి చేసిన నది నీళ్లే. కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో కాలువ నీళ్లను మంచినీటి చెరువులో నింపి, ఫిల్టర్ బెడ్ల మీదుగా వాటర్ ట్యాంకుకు ఎక్కిస్తారు.

అపార్ట్‌మెంట్లో ఉంటే ఇంకో అడుగు వేయాలి. వాచ్‌మన్‌నో, అసోసియేషన్ వాళ్లనో పట్టుకుని సూటిగా అడగండి: మంజీరా నీళ్లకూ బోరు నీళ్లకూ సంపు ఒకటేనా, వేరువేరా? ఎండాకాలం ట్యాంకర్ తెప్పిస్తే అది ఏ సంపులో పోస్తున్నారు? వంటింటి కొళాయికి వేరే లైను ఉందా, బాత్రూంలో వచ్చేదే ఇక్కడా వస్తోందా? చాలా బిల్డింగుల్లో అన్నీ ఒకే సంపులో కలిసిపోతాయి. అలాంటప్పుడు "మాకు మంజీరా నీళ్లే వస్తాయి" అనే మాట సగమే నిజం, మార్చిలో తాగే నీళ్లూ ఆగస్టులో తాగే నీళ్లూ ఒకటి కావు. అలాంటి ఇంట్లో కింద చెప్పే కొలతలు ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి తీసుకోవాలి.

తర్వాత, ఇంట్లోనే కళ్లతో, ముక్కుతో, వంటతో చూడండి

గాజు గ్లాసులో నీళ్లు పట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. అడుగున మట్టి పేరుకుంటే అది వడపోతతో పోయే సంగతి. పట్టినప్పుడు తేటగా ఉండి, కాసేపటికి పచ్చగానో ఎర్రగానో మారితే ఇనుము ఉందని అర్థం. ఇనుము ఉన్న నీళ్లతో టీ పెడితే మామూలు కన్నా నల్లగా దిగుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే బోరులోనో పైపులోనో గాలి తగలని చోట బ్యాక్టీరియా పని చేస్తోందని అనుమానించాలి. డ్రైనేజీ వాసన వస్తే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా ఆ నీళ్లు వాడటం ఆపేయండి.

పప్పు ఎంతకీ ఉడక్కపోయినా, సబ్బు నురగ రాకపోయినా, గిన్నెల మీద తెల్లటి పొర కట్టినా ఆ నీళ్లలో కాఠిన్యం ఎక్కువని మన ఇళ్లలో ఎప్పటి నుంచో తెలుసు. అది నిజమే, అయితే అది కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చేది. గీజర్‌కూ గిన్నెలకూ నష్టమే గానీ, ఒంటికి అంత ప్రమాదం కాదు. ఈ తెల్లపొర చూసి భయపడి ఆర్వో పెట్టించిన ఇళ్లు చాలా ఉన్నాయి. దానికన్నా వందరెట్లు భయపడాల్సినవి రంగు, రుచి, వాసన ఏమీ లేకుండా వస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్, మలంలో నుంచి వచ్చే క్రిములు, వీటిలో ఏ ఒక్కటీ నాలుకకు దొరకదు. బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయి కాబట్టి మంచివే అనుకోవడం అందుకే చాలా ప్రమాదం.

టీడీఎస్ మీటర్ కొనండి, కానీ దాని మాట ఎంతవరకు వినాలో తెలుసుకుని

పెన్ను సైజులో ఉండే టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. నీళ్లలో కరిగిన లవణాలు ఎంత ఉన్నాయో లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపిస్తుంది. తాగునీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం టీడీఎస్ 500 లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు.

కొళాయి నీళ్లు, బోరు నీళ్లు, క్యాన్ నీళ్లు, పక్కింటి ఆర్వో నీళ్లు, అన్నీ ఒకే రోజు కొలిచి రాసిపెట్టుకోండి. శుద్ధి చేసిన నది నీళ్లు చాలావరకు 500 లోపే ఉంటాయి. బోరు 600 నుంచి 1500 దాకా ఎంతైనా చూపించవచ్చు, సముద్రం దగ్గరి ఊళ్లలో ఇంకా ఎక్కువ.

ఇక ఈ మీటర్ చెప్పనివి ఏంటంటే, క్రిములు ఉన్నాయో లేదో చెప్పదు, ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు, పురుగుమందు సంగతి అసలే చెప్పదు. టీడీఎస్ 150 ఉన్న నీళ్లలో టైఫాయిడ్ క్రిమి హాయిగా బతుకుతుంది. 900 ఉన్న నీళ్లు రుచిగా లేకపోయినా ఏ జబ్బూ తేకపోవచ్చు.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెప్పాలి. ఇంటికొచ్చి మిషన్ అమ్మేవాళ్లు కొందరు మీ కొళాయి నీళ్లలో రెండు కడ్డీలున్న ఒక పరికరం పెట్టి కరెంటు ఇస్తారు, నిమిషంలో నీళ్లు గోధుమరంగుకు తిరిగి చెత్త తేలుతుంది, పక్కన ఆర్వో నీళ్లు మాత్రం తేటగా ఉంటాయి. చూసిన ఇల్లాలికి కడుపులో తిప్పుతుంది, అక్కడే ఆర్డర్ ఇచ్చేస్తారు. ఆ రంగు మీ నీళ్లలోది కాదు, ఆ ఇనుప కడ్డీ కరిగి వచ్చిన తుప్పు. నీళ్లలో లవణాలు ఉంటే కరెంటు పారుతుంది, కడ్డీ కరుగుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు చాలా తక్కువ కాబట్టి కరెంటు దాదాపు పారదు, రంగు రాదు. మంచి ఖనిజాలున్న సీసా నీళ్లలో పెట్టినా ఇలాగే తుప్పురంగు వస్తుంది. ఆ పరీక్ష ఎవరైనా మొదలుపెడితే మర్యాదగా వద్దని చెప్పండి, మీ అమ్మానాన్నలు ఒంటరిగా ఉంటే వాళ్లకూ ముందే చెప్పి ఉంచండి.

బోరు నీళ్లు అయితే ల్యాబ్‌కు ఒక్కసారైనా పంపండి

శుద్ధి చేసిన నది నీళ్లు మాత్రమే వచ్చే ఇంటికి ఇది తప్పనిసరి కాదు. బోరు నీళ్లు తాగేవాళ్లకు, వండుకునేవాళ్లకు మాత్రం తప్పనిసరి. జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులు ఉన్నాయి, మామూలు జనం కూడా కొద్దిపాటి ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. ప్రైవేటు ల్యాబ్‌కు వెళ్తే ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందో లేదో అడగండి. మిషన్ అమ్మే కంపెనీ ఫ్రీగా చేసే పరీక్షను లెక్కలోకి తీసుకోవద్దు.

ఏమేం చూడమని అడగాలంటే: టీడీఎస్, కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, ఇంకా మురుగు కలిసిందేమో చెప్పే క్రిములు కోలిఫాం, ఈ-కోలై. రిపోర్టు వచ్చాక ఈ మూడు అంకెలు ముందు చూడండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, ఎంత తప్పనిసరి అయినా 1.5 దాటకూడదు. నైట్రేట్ 45 దాటకూడదు. ఈ-కోలై 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు. కాఠిన్యం 200 లోపు మంచిది, 600 దాకా ఒప్పుకుంటారు.

శాంపిల్ పట్టే తీరు సరిగా లేకపోతే రిపోర్టు పనికిరాదు. రసాయనాల పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపితే చాలు. క్రిముల పరీక్షకు సీసా ల్యాబ్ వాళ్ల దగ్గరే తీసుకోవాలి. కొళాయిని తుడిచి, కొన్ని నిమిషాలు నీళ్లు వదిలి, మూత లోపలి వైపు వేలు తగలకుండా పట్టి, ఐసు పెట్టిన డబ్బాలో అదే రోజు చేర్చాలి.

ఫ్లోరైడ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లోనూ ఇది పుస్తకాల్లో చదివే జబ్బు కాదు. ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లకూ ఎముకలకూ వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును దేశంలో మొదట వైద్యులు రికార్డు చేసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లాలో. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి వైపు వంగిపోయిన కాళ్లు, బిగుసుకుపోయిన వెన్నుతో బతికిన మనుషులు తరాల తరబడి ఉన్నారు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) తయారుచేస్తే దానికి ప్రపంచమంతా నల్గొండ పేరే వాడుతోంది. మీ ఊరు ఆ వైపు కాకపోయినా నల్లరాతి నేలలో లోతుగా దింపిన బోరు అయితే అనుమానం తీర్చుకోవాల్సిందే. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. నైట్రేట్‌ది కూడా అదే సంగతి.

ఇప్పుడు తేల్చుకోండి

మీకు వచ్చేవి శుద్ధి చేసిన నది నీళ్లు, టీడీఎస్ 500 లోపు. అయితే మీకు ఆర్వో అక్కర్లేదు. ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు, టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్రానికి చెప్పింది. మీ సమస్య లవణాలు కాదు, ఫిల్టర్ బెడ్ దాటి మీ గ్లాసు చేరేలోపు పైపుల్లో, సంపులో, ట్యాంకులో కలిసే క్రిములు. దానికి యూవీ ఫిల్టర్ (అతినీలలోహిత కాంతితో క్రిములను చంపేది) చాలు, లేదా యూఎఫ్ ఫిల్టర్ (సన్నటి రంధ్రాల పొరతో క్రిములను వడగట్టేది), లేదా కాచి చల్లార్చడం. యూవీకి కరెంటు కావాలి, నీళ్లు తేటగా ఉండాలి, మురికి ఉంటే దాని చాటున క్రిములు తప్పించుకుంటాయి. యూఎఫ్‌కు కరెంటు అక్కర్లేదు, బ్యాక్టీరియాను ఆపుతుంది, వైరస్‌లను మాత్రం పూర్తిగా ఆపలేదు. రెండూ కలిసి ఉన్న మిషన్ నది నీళ్ల ఇంటికి సరిగ్గా సరిపోతుంది, ఒక్క చుక్క వృథా కాదు.

కాచడమే మీకు వీలైతే, నీళ్లు కళపెళా మరిగాక ఒక నిమిషం ఉంచి దించితే చాలు. పావుగంట మరిగించాలన్నది అనవసరపు గ్యాసు ఖర్చు.

డెల్టాలో కాలువ నీళ్లు తాగే ఊళ్లకు కూడా ఇదే సలహా, ఒక తేడాతో. కాలువలు కట్టేసే ఎండాకాలంలో చెరువు నీళ్లు అడుగంటి పచ్చబడతాయి, అప్పుడు మిషన్‌కు ముందు ఒక బయటి వడపోత గొట్టం తప్పనిసరి, లేకపోతే లోపలి ఫిల్టర్లు నెలకే పూడిపోతాయి. పటిక ముక్క తిప్పి తేర్చడం, చిల్లగింజ అరగదీసి వేయడం మన పాతవాళ్లు చేసిన పనులే, మట్టి నిజంగానే అడుగుకు దిగుతుంది. క్రిములు మాత్రం చావవు, కాబట్టి తేరిన నీళ్లను కూడా కాచాలి.

బోరు నీళ్లు, టీడీఎస్ 500 నుంచి 900 మధ్య, ఫ్లోరైడ్, నైట్రేట్ రెండూ హద్దులోనే ఉన్నాయి. ఇక్కడ మీ ఇష్టం. ఆ రుచి మీకు అలవాటైతే యూవీ, యూఎఫ్‌తో సరిపెట్టుకోవచ్చు. నేనైతే ముందు మున్సిపాలిటీ నల్లా కనెక్షన్ వచ్చే అవకాశం ఉందేమో చూస్తాను, తాగడానికి, వంటకు ఆ నీళ్లు రెండు బిందెలు పట్టుకుంటే చాలు కదా.

ఫ్లోరైడ్ గానీ నైట్రేట్ గానీ హద్దు దాటింది, లేదా టీడీఎస్ వెయ్యి దాటి ఉప్పగా ఉంది. ఇక్కడ ఆర్వో కావాలి, వాదన లేదు. అయితే ఒక్క విషయం జాగ్రత్త. చాలా ఆర్వో మిషన్లలో టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న స్క్రూ ఉంటుంది, రుచి కోసం దాన్ని తిప్పితే ఆర్వో కాని నీళ్లు కొంత కలుస్తాయి. మీ పచ్చి నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే ఆ స్క్రూ తిప్పిన ప్రతిసారీ ఫ్లోరైడ్‌నే తిరిగి గ్లాసులోకి కలుపుతున్నారన్నమాట. బిగించడానికి వచ్చిన అబ్బాయితో దాన్ని పూర్తిగా మూయించండి. రుచి కావాలంటే ఖనిజాలు కలిపే క్యాట్రిడ్జ్ ఉన్న మిషన్ తీసుకోండి. ఇంకో సంగతి, ఇలాంటి ఊళ్లలో తాగడానికి మాత్రమే మంచినీళ్లు వాడితే సరిపోదు. అన్నం, పప్పు వండేటప్పుడు ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ అంతా తిండిలోకే చేరుతుంది కాబట్టి వంటకూ అవే వాడాలి.

ఆర్వో నీళ్లు తాగితే ఎముకలు గుల్లబారతాయని ప్రచారం ఉంది. కాల్షియం మనకు ఎక్కువగా తిండి నుంచే వస్తుంది, పాలు, పెరుగు, ఆకుకూరలు, రాగులు తినే ఇంట్లో ఆ టెన్షన్ అక్కర్లేదు.

క్యాన్ ఎవరికి? అద్దె ఇంట్లో కొద్ది నెలలు ఉండేవాళ్లకు, మిషన్ పెట్టే వీలులేని హాస్టల్ గదుల్లో ఉండే పిల్లలకు, ఫ్లోరైడ్ ఊళ్లో ఉండి మిషన్ కొనలేనివాళ్లకు. నది నీళ్లు ఇంటికే వస్తుంటే రోజూ క్యాన్ వేయించుకోవడంలో నాకు అర్థం కనిపించదు, ఆ క్యాన్లో ఉన్నవి చాలావరకు ఏదో ఒక బోరు నుంచి తోడి ఆర్వో చేసిన నీళ్లే.

క్యాన్ తీసుకుంటే ఇవి చూడండి

సీలు వేసి లేబుల్ అంటించి అమ్మే నీళ్లకు ఐఎస్ 14543 అని ప్రమాణం ఉంది, లేబుల్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు, నింపిన తేదీ ఉండాలి. వీధి ప్లాంటులో మన క్యాన్ పట్టుకెళ్లి నింపించుకునే నీళ్లకు ఈ లేబుల్ ఉండదు, అక్కడ మన కళ్లే గతి. ప్లాంటులోకి వెళ్లి చూడండి. క్యాన్లను లోపల బ్రష్‌తో కడుగుతున్నారా, ఊరికే రెండుసార్లు తొలిచి పట్టేస్తున్నారా? ఫిల్టర్లు ఎప్పుడు మార్చారో అడిగితే చెప్పగలుగుతున్నారా, నీళ్ల పరీక్ష రిపోర్టు గోడకు ఉందా? అడిగితే చిరాకుపడే చోట కొనకండి.

క్యాన్ లోపల పాచి గీతలు, గీకుళ్లు ఉంటే వెనక్కి పంపండి. ఎండలో ఆటో మీద పొద్దంతా తిరిగిన క్యాన్ వద్దు. ఆర్వో నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి ఒకసారి మూత తీశాక వాటికి కాపలా ఏమీ లేదు, రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. డిస్పెన్సర్ మీద బోర్లించే ముందు క్యాన్ మెడను శుభ్రమైన తడిగుడ్డతో తుడవండి, పది చేతులు పట్టుకున్న చోటు అదే. డిస్పెన్సర్ గిన్నెను, కొళాయిని వారానికోసారి వేడినీళ్లతో కడగండి. ఇది చేయని ఇంట్లో క్యాన్ నీళ్లు మంచివైనా గ్లాసులోకి వచ్చేవి మంచివి కావు.

మిషన్ పెడితే దాన్ని పట్టించుకోండి

ఆర్వో పెట్టిన రోజు లోపలికి వెళ్లే నీళ్ల టీడీఎస్, బయటికి వచ్చే నీళ్ల టీడీఎస్ రెండూ కొలిచి మిషన్ పక్కనే చీటీ అంటించండి. నెలకోసారి కొలవండి. 800 పోసి 60 వచ్చిన చోట ఇప్పుడు 200 వస్తోందంటే మెంబ్రేన్ (లవణాలను ఆపే ఆర్వో పొర) పనైపోయిందని సర్వీస్ అబ్బాయి చెప్పకుండానే మీకు తెలుస్తుంది. పనైపోకుండానే మార్చాలని అతను అంటే చీటీ చూపించి వద్దనీ చెప్పవచ్చు. మెంబ్రేన్ మామూలుగా రెండు మూడేళ్లు వస్తుంది, ముందుండే వడపోత, కార్బన్ ఫిల్టర్లు ఆరు నెలల నుంచి ఏడాదికి మార్చాలి. యూవీ దీపం వెలుగుతూ కనిపించినా ఏడాది దాటితే దాని శక్తి తగ్గిపోతుంది. మిషన్ లోపలి స్టోరేజీ ట్యాంకును కూడా సర్వీస్‌కు వచ్చినప్పుడల్లా కడిగించండి, చాలామంది దాన్ని మర్చిపోతారు.

వృథా నీళ్ల గొట్టాన్ని సింకులో వదిలేయకండి. నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు తీస్తే దాదాపు 60 లీటర్లు బయటికి పోతాయి. ఒక డ్రమ్ములోకి పెట్టుకుంటే ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి సరిపోతాయి. మొక్కలకు పోసే ముందు టీడీఎస్ కొలవండి, బాగా ఉప్పగా ఉంటే మొక్క చచ్చిపోతుంది. ఫ్లోరైడ్ ఊళ్లలో ఈ నీళ్లు పశువులకు పెట్టొద్దు.

సంపు, ట్యాంకు, బిందె

ఏ నీళ్లు ఎంచుకున్నా ఈ పని తప్పదు, నన్నడిగితే మిషన్ కొనేకన్నా ముందు చేయాల్సిందే ఇది. మన ఊళ్లలో నల్లా రోజంతా రాదు. నీళ్లు ఆగిపోయిన సమయంలో పైపులో ఒత్తిడి ఉండదు, ఎక్కడ పగులు ఉంటే అక్కడ పక్కనున్న మోరీ నీళ్లు లోపలికి జారతాయి. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో తాగునీళ్లలో మురుగు కలిసి పలువురు చనిపోయారు. కాబట్టి నల్లా వచ్చాక మొదటి కొన్ని నిమిషాల నీళ్లు తాగడానికి పట్టకండి, బట్టలకు, గిన్నెలకు వాడండి. లైనుకు నేరుగా మోటారు బిగించకండి, అది నీళ్లతో పాటు మురుగునూ లాగుతుంది, మీ ఒక్క ఇంటికే కాదు వీధి మొత్తానికి చేటు.

సంపును, పై ట్యాంకును ఆరు నెలలకోసారి ఖాళీ చేసి రుద్ది కడిగించండి. సంపు మూత నేలకన్నా ఎత్తులో, వాన నీళ్లు దిగకుండా ఉండాలి, సెప్టిక్ ట్యాంకు పక్కనే ఉంటే పగుళ్లు ఉన్నాయేమో చూపించాలి. అనుమానం ఉన్నప్పుడు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ లెక్కన, ముందు బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లు మాత్రమే సంపులో పోసి గంట ఆగండి. నల్లా నీళ్లలో కొద్దిగా వచ్చే బ్లీచింగ్ వాసన చూసి ముఖం తిప్పుకోకండి, అది ఆ నీళ్లకు ఇంకా కాపలా ఉందన్న గుర్తు. కూజాలో పోసి కాసేపు ఉంచితే వాసన పోతుంది.

తాగే బిందెలో గ్లాసు ముంచకండి. ఎన్ని వేల మిషన్ ఉన్నా చేతివేళ్లు ముంచిన బిందె నీళ్లు కొళాయి నీళ్ల కన్నా అధ్వానం. పొడుగు కాడ గరిటె వాడండి, లేదా కొళాయి ఉన్న స్టీలు డ్రమ్ము కొనండి. రాగి బిందె మంచిదే, రాత్రంతా ఉంచితే కొంత బ్యాక్టీరియా చనిపోతుంది, కానీ దాన్ని ఫిల్టర్‌కు బదులుగా లెక్కపెట్టొద్దు. ఫ్లోరైడ్‌నూ నైట్రేట్‌నూ అది ఏమీ చేయలేదు.

డబ్బు లెక్క

మీ ఊరి ధరలు వేసుకుని చూడండి. రోజుకో క్యాన్, ఒక్కోటి 30 రూపాయలు అనుకుంటే ఏడాదికి దాదాపు 11 వేలు. ఆర్వో 15 వేలకు కొని, ఏడాదికి 4 వేలు సర్వీస్‌కు పెట్టి, ఐదేళ్లు వాడితే ఏడాదికి 7 వేలు పడుతుంది. యూవీ, యూఎఫ్ మిషన్ దానికన్నా బాగా తక్కువ. కాచుకుంటే, రోజుకు 10 లీటర్లకు నెలకు సిలిండర్‌లో పావు వంతు దాకా ఖర్చవుతుంది. వంటకు వాడే నీళ్లు ఎలాగూ మరుగుతాయి కాబట్టి ఫ్లోరైడ్, నైట్రేట్ సమస్య లేని ఇంట్లో వాటిని విడిగా కాచక్కర్లేదు, ఆ లెక్కన ఇంకా తగ్గుతుంది.

వానాకాలం, పైపులు పగిలిన రోజులు, చంటిపిల్లలు

నీళ్లు ఉన్నట్టుండి రంగు మారినా, వీధిలో ఇద్దరు ముగ్గురికి వాంతులు విరేచనాలు మొదలైనా, ఇంట్లో ఏ ఫిల్టర్ ఉన్నా సరే ఆ రోజు నుంచి కాచిన నీళ్లే తాగండి. గ్యాసు లేకపోతే ఆశా కార్యకర్తను క్లోరిన్ మాత్రలు అడగండి, ప్యాకెట్ మీద రాసినన్ని లీటర్లకే వేసి అరగంట ఆగాలి. పళ్లు తోముకోవడానికీ పచ్చికూరలు కడగడానికీ కూడా అవే నీళ్లు వాడండి.

డబ్బా పాలు తాగే చంటిబిడ్డ ఉంటే నైట్రేట్ 45 దాటిన బోరు నీళ్లు కాచి కూడా వాడకూడదు, బిడ్డ రక్తంలో ఆక్సిజన్ అందక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. ఆ బిడ్డ పాలకు శుద్ధి చేసిన నది నీళ్లనో ఆర్వో నీళ్లనో తీసుకుని, వాటిని కూడా కాచి వాడండి.

హైదరాబాద్‌లో మురుగు కలిసిందని అనుమానం వస్తే జలమండలి నంబరు 155313కు ఫోన్ చేయండి, వేరే ఊళ్లలో మున్సిపాలిటీకి గానీ పంచాయతీకి గానీ చెప్పండి. ఒక సీసాలో ఆ నీళ్లు పట్టి తేదీ, సమయం రాసి ఉంచండి, వచ్చిన మనిషికి చూపించవచ్చు. ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి, పక్క ఇళ్లవాళ్లతో కూడా ఫోన్ చేయించండి. పైపు బాగుచేశాక వాళ్లు క్లోరిన్ పరీక్ష చేసి చూపించేదాకా, సంపులో ఉన్న పాత నీళ్లు ఖాళీ చేసి కడిగించేదాకా కాచడం ఆపకండి.